కానూరి లక్ష్మణరావు

డాక్టర్ కె.ఎల్.రావుగా ప్రసిద్ధుడైన కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) భారతదేశపు ప్రముఖ ఇంజనీరు, జలవనరుల నిపుణుడు, రాజకీయ నాయకుడు. విజయవాడ లోక్‌సభ నియోజకవర్గం నుండి మూడు పర్యాయాలు ఎన్నికయ్యాడు. 1963 నుండి 1973 వరకు కేంద్ర ప్రభుత్వంలో నీటిపారుదల, విద్యుత్తు వ్యవహారాలను నిర్వహించాడు. నాగార్జునసాగర్ నిర్మాణంలో ఆయన పాత్ర, గంగా-కావేరి అనుసంధాన ప్రతిపాదన ఆయనకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చాయి. కృష్ణా నదిపై పులిచింతల వద్ద నిర్మించిన జలాశయానికి ఆయన పేరు పెట్టారు.

సామాన్య ప్రజలు ఆయనను ఆనకట్టల ఇంజనీరుగానే ఎరుగుదురు. కాని ఆయన మొదట నిర్మాణ శాస్త్ర అధ్యాపకుడు. కట్టడంలో ఏ భాగంపై ఎంత భారం పడుతుంది, ఆ భారం ఒక భాగం నుండి మరొక భాగానికి ఎలా చేరుతుంది అన్నది ఆ శాస్త్రంలోని మూల ప్రశ్న. ఆయన జీవితంలోని తరువాతి ఘట్టాలను అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం అవసరం.

బాల్యం, విద్య

లక్ష్మణరావు కృష్ణా జిల్లా కంకిపాడులో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. పాఠశాలలో చదువుతున్న రోజుల్లో ఆటలాడుతుండగా తగిలిన గాయంవల్ల ఒక కంటి చూపు పోయింది. గీతలు, కొలతలు, సూక్ష్మమైన పటాలతో ముడిపడిన వృత్తిని చేపట్టిన వ్యక్తికి ఇది చిన్న లోపం కాదు. అయినా అది ఆయన చదువుకు అడ్డం కాలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టా పొందాడు. అక్కడే ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా సంపాదించాడు. ఆ పట్టా అందుకున్న తొలి విద్యార్థి ఆయనే. కొంతకాలం బర్మాలోని రంగూన్‌లో ఆచార్యుడిగా పనిచేశాడు. ఉన్నత పరిశోధన కోసం ఇంగ్లండు వెళ్ళి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

బర్మింగ్‌హామ్, బోల్టు అతుకుల పరిశోధన

లక్ష్మణరావు చేరిన నాటికి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగు ఆచార్యుడు సిరిల్ బాథో. ఉక్కు కట్టడాల చరిత్రలో ఆయన పేరు ముఖ్యమైనది. ఆ కాలంలో వంతెనలు, కర్మాగారాల దూలాలు, నీటి గేట్లు అన్నీ రివెట్లతోనే అతికేవారు. ఎర్రగా కాల్చిన రివెట్టును రంధ్రంలో దూర్చి, రెండవ చివరను సుత్తితో కొట్టి తలగా మలిచేవారు. రివెట్టు చల్లారుతూ కుంచించుకొని పలకలను దగ్గరకు లాగేది. బోల్టులు అప్పటికే వాడుకలో ఉన్నా, అవి జారతాయనీ వదులవుతాయనీ భావించి ముఖ్యమైన అతుకులలో వాటిని అంతగా నమ్మేవారు కారు.

బ్రిటన్‌లో 1929లో ఏర్పడిన ఉక్కు కట్టడాల పరిశోధక సంఘం కోసం బాథో, ఆయన సహచరుడు బేట్‌మన్ బోల్టు అతుకులపై ప్రయోగాలు చేశారు. 1934లో ప్రచురితమైన వారి నివేదిక ఒక కొత్త సంగతిని తేల్చింది. తగినంత బలమైన ఉక్కుతో చేసిన బోల్టును తగినంత గట్టిగా బిగిస్తే పలకలు ఒకదానిపై ఒకటి జారకుండా నిలుస్తాయి. అప్పుడు భారాన్ని మోసేది బోల్టు కాడ కాదు, పలకల మధ్య పుట్టే ఘర్షణ.

సాధారణ బోల్టు అతుకులో పలకలు కొద్దిగా జరిగి బోల్టు కాడను ఒరుసుకుంటాయి. కాడను అడ్డంగా కోసివేయడానికి బలం పనిచేస్తుంది. అందువల్ల అటువంటి అతుకును రూపొందించేటప్పుడు మూడు విషయాలు పరీక్షించాలి. కాడ తెగిపోతుందా? రంధ్రం అంచు నలిగిపోతుందా? రంధ్రాల వరుస వెంట పలకే చిరిగిపోతుందా? ఈ మూడింటిలో అన్నిటికంటే బలహీనమైనదే ఆ అతుకు బలం. అందుకే భారత ప్రమాణాల ప్రకారం రెండు బోల్టుల మధ్య దూరం బోల్టు వ్యాసానికి రెండున్నర రెట్లకు తగ్గరాదు. పలక అంచుకు రంధ్రం మరీ దగ్గరగా ఉండరాదు.

ఘర్షణ అతుకులో లెక్క వేరు. 20 మిల్లీమీటర్ల వ్యాసంగల అధిక బలపు బోల్టును పూర్తిగా బిగిస్తే దానిలో సుమారు 14 టన్నుల లాగుడు ఉంటుంది. ఆ లాగుడే పలకలను అంతే బలంతో అదుముతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే ఒక్కొక్క బోల్టు సుమారు 4 టన్నుల వరకు జారుడును ఆపగలదు. పలకల ముఖాలకు రంగు, నూనె, వదులు తుప్పు ఉంటే ఆ శక్తి తగ్గిపోతుంది. బిగింపు తక్కువైనా అంతే. కనుక ఈ అతుకు బలం కాగితంపై లెక్కతోపాటు పనివాడి చేతిలోని రెంచి మీద కూడా ఆధారపడుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో ఈ విషయంపై పరిశోధన విస్తరించి, 1951లో అధిక బలపు బోల్టులకు తొలి నిబంధనలు వెలువడ్డాయి. భారతదేశంలో ఉక్కు కట్టడాల ప్రమాణం ఐఎస్ 800 1956లోనూ, ఘర్షణ బోల్టుల అమరికకు సంబంధించిన ఐఎస్ 4000 1967లోనూ వచ్చాయి. లక్ష్మణరావు ఉద్యోగ జీవితం రివెట్టు వెనుకకు వెళ్ళి బోల్టు, వెల్డింగు ముందుకు వచ్చిన ఈ దశాబ్దాలతో కలిసి సాగింది.

అధ్యాపకుడు, డిజైన్ ఇంజనీరు

డాక్టరేటు తరువాత లక్ష్మణరావు కొంతకాలం ఇంగ్లండులోనే అసిస్టెంట్ ప్రొఫెసరుగా పనిచేశాడు. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ అండ్ రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ అనే గ్రంథాన్ని రచించాడు. స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరాడు. 1950లో ఢిల్లీకి వెళ్ళి డిజైన్ల విభాగానికి డైరెక్టరు అయ్యాడు. 1954లో చీఫ్ ఇంజనీరు పదవి, ఆ తరువాత కేంద్ర జల, విద్యుత్ సంఘంలో సభ్యత్వం లభించాయి.

స్వాతంత్ర్యానంతరం దేశంలో భారీ ప్రాజెక్టులు ఒకేసారి మొదలైన కాలమది. సిమెంటు, ఉక్కు, యంత్రాలు, విదేశీ మారకద్రవ్యం అన్నీ కొరతే. ఉన్న సామగ్రితో, ఉన్న మనుషులతో ఏ కట్టడం సాధ్యమో నిర్ణయించడం నాటి డిజైన్ ఇంజనీరు బాధ్యత.

నాగార్జునసాగర్, కృష్ణా మెట్ట ప్రాంతం

కృష్ణా జిల్లాలో డెల్టా ప్రాంతం పందొమ్మిదవ శతాబ్దపు విజయవాడ ఆనకట్టతోనే సస్యశ్యామలమైంది. కాని జిల్లా ఎగువ భాగమైన జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి ప్రాంతాలు మెట్టభూములుగానే మిగిలిపోయాయి. కృష్ణా నది దగ్గరలోనే పారుతున్నా దాని నీరు ఈ చేలకు ఎక్కేది కాదు. వత్సవాయి పరిసర గ్రామాలకు మున్నేరుపై పోలంపల్లి ఆనకట్ట, చెరువులు, వర్షమే దిక్కు. ప్రస్తుతం ఈ మండలాలు 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి.

ఎగువన నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలన్న ఉద్యమానికి జగ్గయ్యపేట సమీపంలోని ముక్త్యాల సంస్థానాధిపతి రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ నాయకత్వం వహించాడు. కృష్ణా జలాలను పెన్నా వైపు మళ్ళించే నాటి మద్రాసు ప్రభుత్వ పథకాన్ని వ్యతిరేకించి, నందికొండ స్థలాన్ని ఖోస్లా సంఘం దృష్టికి తెచ్చాడు. సంఘం సభ్యులు అక్కడికి చేరడానికి గ్రామస్థుల శ్రమతో బాట వేయించాడు. 1952లో ఆ సంఘం ఈ స్థలానికి అనుకూలంగా నివేదిక ఇచ్చింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు.

ఆనకట్టను కాంక్రీటుతో కట్టాలా, రాతితో కట్టాలా అన్నది నాటి ప్రధాన చర్చ. కాంక్రీటుకు భారీ యంత్రాలు, ఎక్కువ సిమెంటు కావాలి. రాయి స్థానికంగా దొరుకుతుంది, దానిని పేర్చడానికి వేలాది కార్మికులకు పని లభిస్తుంది. సుమారు 125 మీటర్ల ఎత్తున రాతి కట్టడం నిలుస్తుందా అన్న సందేహానికి సాంకేతికంగా సమాధానం చెప్పి, రాతి ఆనకట్టనే సమర్థించినవారిలో లక్ష్మణరావు ముఖ్యుడు. ఫలితంగా నాగార్జునసాగర్ ప్రపంచంలోని అతిపెద్ద రాతి ఆనకట్టలలో ఒకటిగా నిలిచింది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేసింది. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం జిల్లాల మీదుగా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి సాగునీరు తెచ్చింది.

అయితే ఈ ప్రాంతం కాలువ చివరి భాగంలో ఉంది. జలాశయంలో నీరు తగ్గిన సంవత్సరాలలో ముందుగా ఇబ్బంది పడేది చివరి ఆయకట్టు రైతే. లక్ష్మణరావు జీవితకాలంలో మొదలైన ఈ సమస్య ఆయన మరణం తరువాత కూడా తీరలేదు.

గేట్లు, వాటిపై పడే భారం

రాతి ఆనకట్ట తన బరువుతోనే నీటి ఒత్తిడిని ఎదుర్కొంటుంది. దానిలో బోల్టులకు పని లేదు. కాని వరద నీటిని వదిలే భాగంలో పరిస్థితి వేరు. అక్కడ నీటిని ఆపేవి ఉక్కు గేట్లు. నాగార్జునసాగర్‌కు 26 గేట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు, అంటే సుమారు 13.7 మీటర్లు, 13.4 మీటర్లు.

నీరు గేటు పైఅంచు వరకు నిండినప్పుడు సగటు లోతు 6.7 మీటర్లు. దీనిని గేటు వైశాల్యంతో హెచ్చిస్తే ఒక్క గేటుపై 1,200 టన్నులకు పైగా ఒత్తిడి పడుతుందని తెలుస్తుంది. వంపు తిరిగిన ముఖపు పలక ఆ ఒత్తిడిని అందుకొని దూలాలకు ఇస్తుంది. దూలాలు రెండు పక్కల ఉన్న భుజాలకు, భుజాలు ట్రనియన్ అనే ఇరుసుకు ఇస్తాయి. ఒక్కొక్క ఇరుసుపై 600 టన్నులకు పైగా భారం చేరుతుంది. ఇరుసును మోసే దూలాన్ని, కాంక్రీటు స్తంభంలో లోతుగా పాతిన ఉక్కు కడ్డీలు వెనక్కి పట్టి ఉంచుతాయి. పలక నుండి స్తంభం వరకు సాగే ఈ మార్గంలో ప్రతి మలుపు వద్ద ఒక అతుకు ఉంటుంది. అందులో ఏ ఒక్కటి తప్పినా మిగిలినవి ఎంత బలంగా ఉన్నా ప్రయోజనం లేదు.

దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగింది. 1995 జూలై 17న ఫాల్సమ్ ఆనకట్ట మూడవ గేటును ఎత్తుతుండగా అది విరిగిపోయింది. జలాశయంలోని నీటిలో సుమారు 40 శాతం దిగువకు పోయింది. ఇరుసు వద్ద తుప్పువల్ల ఏళ్ళ తరబడి ఘర్షణ పెరిగిందనీ, గేటు తిరిగేటప్పుడు ఆ ఘర్షణ భుజాలను వంచిందనీ విచారణలో తేలింది. మొదట విఫలమైనది భుజాలను కలిపే ఏటవాలు కట్టు చివరనున్న బోల్టు అతుకు. తొలి రూపకల్పనలో ఇరుసు ఘర్షణను లెక్కలోకి తీసుకోలేదు. ఈ సంఘటన తరువాత అటువంటి గేట్ల లెక్కలలో, తనిఖీలలో ఇరుసు ఘర్షణకు, కట్టు అతుకులకు ప్రాధాన్యం పెరిగింది.

రాజకీయ జీవితం

లక్ష్మణరావు 1962లో కాంగ్రెస్ అభ్యర్థిగా విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1967, 1971 ఎన్నికలలోనూ అక్కడినుండే గెలిచాడు. 1963 జూలై 20న కేంద్ర మంత్రిగా ప్రమాణ స్వీకారం చేసి, నెహ్రూ, లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరా గాంధీల ప్రభుత్వాలలో పనిచేశాడు. ఒక శాఖలో ఉద్యోగిగా పనిచేసిన నిపుణుడు అదే శాఖకు మంత్రి కావడం, పదేళ్ళపాటు కొనసాగడం అరుదైన విషయం.

ఆయన మంత్రిత్వ కాలంలోనే గంగా నదిపై ఫరక్కా బ్యారేజీ పనులు సాగాయి. గ్రామాలకు విద్యుత్తు అందించడానికి 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. కృష్ణా జలాలపై మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య వివాదం ముదరగా అదే సంవత్సరం బచావత్ ట్రిబ్యునల్‌ను నియమించారు. తన సొంత నియోజకవర్గపు రైతుల జీవనం ముడిపడిన వివాదంలో కేంద్ర మంత్రిగా అన్ని రాష్ట్రాలకు సమదూరంలో ఉండవలసి రావడం ఆయనకు క్లిష్టమైన బాధ్యత.

గంగా-కావేరి ప్రతిపాదన

1972లో లక్ష్మణరావు ఉత్తరాది నదుల వరద నీటిని దక్షిణానికి తరలించే పథకాన్ని ప్రతిపాదించాడు. పాట్నా సమీపంలో గంగ నుండి ఏడాదిలో సుమారు 150 రోజులపాటు 60,000 క్యూసెక్కుల నీటిని ఎత్తిపోసి, సుమారు 2,640 కిలోమీటర్ల మార్గంలో సోన్, నర్మద, గోదావరి, కృష్ణా, పెన్నా పరీవాహక ప్రాంతాల మీదుగా కావేరికి చేర్చాలన్నది ఆలోచన. ఒకచోట వరద, మరొకచోట కరువు ఒకే ఏడాది కనిపించే దేశంలో నదులను కలపడమే పరిష్కారమని ఆయన విశ్వాసం.

నీటిని 500 మీటర్లకు పైగా ఎత్తడానికి వేల మెగావాట్ల విద్యుత్తు కావాలి. వ్యయం అపారం. ఈ కారణాలతో కేంద్ర జల సంఘం పథకాన్ని అంగీకరించలేదు. అయినా నదుల అనుసంధానంపై జాతీయ స్థాయి చర్చకు ఈ ప్రతిపాదనే నాంది పలికింది. 1980లో కేంద్రం జాతీయ దృక్పథ ప్రణాళికను రూపొందించింది, 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ ఏర్పడింది.

విమర్శలు

భారీ ఆనకట్టలపై వచ్చిన విమర్శలు లక్ష్మణరావు కృషికి కూడా వర్తిస్తాయి. నాగార్జునసాగర్ జలాశయంలో చారిత్రక నాగార్జునకొండ లోయ మునిగింది. అక్కడి బౌద్ధ కట్టడాలలో కొన్నింటిని మాత్రమే ఎత్తైన ప్రదేశానికి తరలించగలిగారు. ముంపు గ్రామాల ప్రజలు ఊళ్ళు విడిచిపోయారు. గంగా-కావేరి ప్రతిపాదనలో పర్యావరణంపై, నదీ ముఖద్వారాలపై పడే ప్రభావానికి తగినంత స్థానం ఇవ్వలేదని తరువాతి నిపుణులు అభిప్రాయపడ్డారు. మరోవైపు, ఆహార ధాన్యాలను దిగుమతి చేసుకుంటున్న కాలంలో సాగునీటికి ప్రథమ ప్రాధాన్యం ఇవ్వడం సహజమేనన్న వాదన కూడా ఉంది.

రచనలు, గౌరవాలు

నిర్మాణ శాస్త్ర గ్రంథంతోపాటు, భారతదేశ నదులు, జలవనరులను సమగ్రంగా వివరించే ఇండియాస్ వాటర్ వెల్త్ (1975), ఆత్మకథ ది క్యూసెక్స్ కాండిడేట్ (1978) ఆయన ఆంగ్ల రచనలు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీటి ప్రవాహం. జీవితకథకు ఆ కొలమానాన్నే పేరుగా ఎంచుకోవడం ఆయన దృష్టి దేనిపై ఉండేదో తెలుపుతుంది.

1960లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1968లో రూర్కీ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేశాయి. 1963లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. మృత్తికా యాంత్రిక శాస్త్రం, పునాదుల ఇంజనీరింగుకు చెందిన అంతర్జాతీయ సంఘానికి 1957 నుండి 1961 వరకు ఉపాధ్యక్షుడిగా ఉన్నాడు.

మరణం, పులిచింతల జలాశయం

లక్ష్మణరావు 1986 మే 18న మరణించాడు. విజయవాడలో ప్రధాన మంచినీటి కేంద్రానికి, ఒక నగర ప్రాంతానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన పేరుతో నిలిచిన పెద్ద కట్టడం డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ పులిచింతల ప్రాజెక్టు. ఇది నాగార్జునసాగర్‌కు సుమారు 115 కిలోమీటర్ల దిగువన, ప్రకాశం బ్యారేజీకి సుమారు 85 కిలోమీటర్ల ఎగువన ఉంది. వరద నీటిని నిలిపి డెల్టాకు సకాలంలో అందించడం దీని ఉద్దేశం. 1988లో ఒకసారి, 2004లో మరొకసారి శంకుస్థాపన జరిగింది. 2013 డిసెంబరులో ప్రారంభమైంది. నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. అప్పటి గుంటూరు, నల్లగొండ జిల్లాల గ్రామాలు దీని కింద ముంపునకు గురయ్యాయి.

2021 ఆగస్టు 5 తెల్లవారుజామున, వరద నీటిని వదిలే సమయంలో, ఈ ప్రాజెక్టు 16వ గేటు విరిగి కొట్టుకుపోయింది. జగ్గయ్యపేట నుండి విజయవాడ వరకు నదీతీర గ్రామాలను అప్రమత్తం చేశారు. ఖాళీ అయిన చోట తాత్కాలిక అడ్డుగేటు దించడానికి, నిండుకుండవలె ఉన్న జలాశయంలోని నీటిలో అధికభాగాన్ని దిగువకు వదలవలసి వచ్చింది. డెల్టా రైతుకోసం నిలిపిన నీరు సముద్రం పాలైంది. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు కూడా ఇదే నష్టం జరిగింది.

ఆనకట్ట శరీరం చెక్కుచెదరకపోయినా, ఒక గొలుసు లంకె గాని, ఒక ఇరుసు గాని, కొన్ని బోల్టులు గాని పట్టు తప్పితే చాలు, టీఎంసీల నీరు పోతుందని ఈ సంఘటనలు చూపాయి. గేట్ల ఇరుసులకు నూనె వేయడం, బోల్టుల బిగింపును తనిఖీ చేయడం, తుప్పు తీసి రంగు వేయడం శంకుస్థాపనల వలె పత్రికలకెక్కే పనులు కావు. వత్సవాయి వంటి చివరి ఆయకట్టు గ్రామానికి నీరు చేరడం మాత్రం ఆ పనులపైనే ఆధారపడి ఉంది. లక్ష్మణరావు తొలి వృత్తి అయిన నిర్మాణ శాస్త్రం విద్యార్థికి నేర్పే మొదటి పాఠాలలో ఇది ఒకటి.